నలభై ఎనిమిది మధ్యాహ్నాలు

మా కాలేజీలో రెండో ఏడాది చివర ఎవరు తాము కోరుకున్న కోర్సులో కొనసాగుతారో, ఎవరు దిగిపోతారో చెప్పే జాబితా నా బల్ల మీదే తయారవుతుంది. తేల్చేది నేను కాదు, నిబంధనలు. నేను టైపు చేస్తాను, ముద్ర వేస్తాను, నోటీసు బోర్డుకు నాలుగు గుండుసూదులు గుచ్చి వస్తాను. పంతొమ్మిదేళ్లుగా ఎంతోమంది పిల్లలు ఆ బోర్డు ముందు నిలబడి కళ్లు తుడుచుకుంటుంటే, నాకేమీ పట్టనట్టు టీ తాగాను. కిందటేడు ఆ జాబితాలో ఒక్క వరుస టైపు చేస్తుంటే మాత్రం నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ వరుస మా ల్యాబక్కది.

ల్యాబక్క కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు. పదిహేడేళ్లుగా పొద్దున్నే ఆ తాళం తీసేది ఆవిడే, సాయంత్రం వేసేది ఆవిడే. గాజు సామాను కడుగుతుంది, సీసాలకు చీటీలు అంటిస్తుంది, ఏ ప్రయోగానికి ఏ ద్రావణం ఎంత గాఢత ఉండాలో పుస్తకం చూడకుండా కలుపుతుంది. కొత్తగా చేరిన లెక్చరర్లు మొదటి నెలంతా ఆవిడ చూపులను బట్టే పాఠం నడుపుకుంటారు. ఇంటర్మీడియట్ తర్వాత పెళ్లయింది, చదువు అక్కడితో ఆగింది. ముప్పై తొమ్మిదో ఏట నా బల్ల దగ్గరికొచ్చి డిగ్రీ దరఖాస్తు ఫారం అడిగింది.

"ఇన్నేళ్లుగా ఈ చేత్తో కలుపుతున్నాను తమ్ముడూ. చుక్క పడగానే రంగు మారుతుంది. ఎందుకు మారుతుందో ఒక్కరూ చెప్పరు. అడిగితే, నీకెందుకక్కా అంటారు. కెమిస్ట్రీ అయితేనే చేరతాను, ఇంకోటి వద్దు."

ఉద్యోగంలో ఉంటూ చదువుకోవడానికి అనుమతి దొరికింది. ఉదయం ఎనిమిది నుంచి పది దాకా పాఠాలు, పది నుంచి డ్యూటీ. చిక్కల్లా రెండో ఏడాది ప్రాక్టికల్స్‌తో వచ్చింది. అవి వారానికి రెండు మధ్యాహ్నాలు, అచ్చంగా ఆవిడ డ్యూటీ వేళల్లో, ఆవిడ ల్యాబులోనే.

అప్పుడు నేను తెలివి చూపించాను. అంతకు రెండేళ్ల ముందు మా ఆఫీసులో ఒక ప్యూను ఒకే గంటలో అటు స్టాఫ్ రిజిస్టరులో, ఇటు విద్యార్థుల రిజిస్టరులో సంతకాలు పెట్టాడు. ఆడిట్ వాళ్లు అది పట్టుకుని మా సెక్షన్‌ను ఆరు నెలలు నీళ్లు తాగించారు. ఆ భయంతోనే ల్యాబక్కకు సలహా ఇచ్చాను.

"అక్కా, విద్యార్థుల రిజిస్టరు జోలికి వెళ్లకు. నువ్వెలాగూ అక్కడే ఉంటావు. సాయంత్రం క్లాసు అయిపోయాక ప్రయోగాలు చేసుకో, రికార్డు రాసి సార్ చేత సంతకం పెట్టించుకో. మార్కులొస్తే ఎవడడుగుతాడు?"

ఆవిడ నన్ను నమ్మింది. ఐదింటికి పిల్లలు వెళ్లాక, వాళ్లు వదిలేసిన గాజు సామానంతా కడిగి, తన ప్రయోగం తాను చేసుకుని, ఏడింటికి ఇంటికి చేరేది. లెక్కల పేపరు మొదటిసారి తప్పింది. రెండో ప్రయత్నంలో కూడా తప్పితే కోర్సులోంచి దిగిపోవాలి. ఇంటర్ చదువుతున్న కూతురు ఇస్త్రీ బల్ల మీద పుస్తకాలు పరిచి తల్లికి లెక్కలు చెప్పింది. "అమ్మా, నువ్విలాగే ఉంటే నేనే నీకంటే ముందు డిగ్రీ తెచ్చుకుంటాను" అని ఏడిపించేది. రెండోసారి నలభై ఒక్క మార్కులతో గట్టెక్కింది. సగటు పదికి ఆరున్నర ఉండాలి, ఆవిడకు ఆరు పాయింటు ఎనిమిది వచ్చింది. ఆ రోజు మా సెక్షన్ అందరికీ ఆవిడే టీ పోయించింది.

తర్వాత వారం జాబితా తీస్తే ఆవిడ పేరు పక్కన నక్షత్రం గుర్తు ఉంది. ప్రాక్టికల్స్ హాజరు: నలభై ఎనిమిదికి సున్నా. ఉండాల్సింది ముప్పై ఆరు. నిబంధనల పుస్తకం తిరగేస్తే నాలుగో పేజీలో ఉంది ఆ మాట. పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా, హాజరు లేకపోతే జనరల్ డిగ్రీకి మారాలి. ఆ పుస్తకం టైపు చేసింది నేనే. టైపు చేసేవాడు చదవడని అప్పుడు తెలిసింది.

డీన్ గారి గదిలో కమిటీ కూర్చుంది. ఫైలు పట్టుకుని నేను కూడా నిలబడ్డాను.

"ఆవిడ ఆ టైములో డ్యూటీలో ఉందా, క్లాసులో ఉందా?" అన్నారు డీన్ గారు.

"ల్యాబులో ఉంది సార్" అన్నాను.

"అది కాదయ్యా నేనడిగింది. క్లాసులో ఉందంటే డ్యూటీ ఎగ్గొట్టినట్టు, సంజాయిషీ రాయాలి. డ్యూటీలో ఉందంటే క్లాసుకు రానట్టు. ఏదో ఒకటి చెప్పు."

కెమిస్ట్రీ హెడ్ మేడమ్ కల్పించుకున్నారు. "సార్, మేం వెళ్లేసరికి తలుపు తీసి ఉంచేదే ఆవిడ. ఆవిడ రాని రోజు క్లాసే జరగలేదు."

"తలుపు తీసినట్టు లెక్క. హాజరైనట్టు కాదు."

రికార్డు పుస్తకం తెరిచి చూపించాను. ప్రతి ప్రయోగం కిందా లెక్చరర్ సంతకం ఉంది. డీన్ గారు పేజీలు తిప్పి, చేతిరాత బాగుందని మెచ్చుకుని మూసేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి నేనే కదా అని లోపల్లోపల కుమిలిపోయాను. చివరికి రెండు దారులు చూపించారు. జనరల్ డిగ్రీకి మారడం, లేదా ఏడాది ఆగి, విద్యార్థిగా కూర్చుని, ప్రాక్టికల్స్ మొత్తం మళ్లీ చేయడం.

ల్యాబక్క సింకు దగ్గర ఫ్లాస్కులు తోముతుండగా వెళ్లి చెప్పాను. నీళ్లు కట్టేసి నా వైపు తిరిగింది.

"సంతకం పెట్టొద్దన్నది నువ్వే కదా తమ్ముడూ."

 ఆడిట్ అన్నాను, ప్యూను అన్నాను. చెబుతుంటే నా మాటలంటే నాకే చీదరేసింది.

"జనరల్ డిగ్రీలో కెమిస్ట్రీ ఉంటుందా?"

"ఉండదక్కా."

"మరి అది నాకెందుకు? ఏ గదిలో పదిహేడేళ్లున్నానో ఆ గదికే నేను రాలేదంటున్నారు. సరే, వస్తాను. సెలవు ఫారాలు తీసుకురా. నలభై ఎనిమిది మధ్యాహ్నాలకి."

పదిహేడేళ్లు ఒళ్లు బాగోకపోయినా వాడకుండా దాచుకున్న సెలవులు అవి. ఒక్కొక్క పూటకు ఒక్కొక్క ఫారం నింపి సంతకం పెట్టింది. 

ఆ మధ్యాహ్నాలకు ఆవిడ బదులు స్టోర్సు నుంచి ఒక పెద్దమనిషిని ల్యాబులో వేశారు. ఆయనకు ఏ సీసా ఎక్కడుంటుందో తెలియదు. మొదటి రోజే లెక్చరర్ గారు, "అక్కా, ఒక్కసారి లోపలికెళ్లి ఆ ద్రావణం చూడవా" అన్నారు. అలవాటు కొద్దీ లేచి వెళ్లింది. తిరిగొచ్చేసరికి హాజరు పిలవడం అయిపోయింది. సాయంత్రం నా దగ్గరికొచ్చిన రిజిస్టరులో ఆవిడ పేరు ఎదురుగా ఆబ్సెంటు అని ఉంది. పరుగున లెక్చరర్ గారి గదికి వెళ్లాను.

"సీటు ఖాళీగా ఉందండీ. చూసిందే రాశాను" అన్నారు.

"పంపించింది మీరే కదా సార్?"

"పంపాను. అందుకే ఖాళీగా ఉంది."

ఆ మాట ఆయన వెటకారంగా అనలేదు. అదే నాకు ఎక్కువ మంట పుట్టించింది.

తర్వాతి క్లాసుకు నేనే రిజిస్టరు పట్టుకుని ల్యాబుకు వెళ్లాను. ఆవిడ మూడో వరుసలో, తన కూతురి ఈడు పిల్లల మధ్య స్టూలు మీద కూర్చుంది. ముప్పై మంది బ్యూరెట్ గాజు గొట్టాల్లోంచి ఆమ్లంలోకి చుక్క చుక్కగా క్షారం వదులుతున్నారు. గులాబీ రంగు రావాలి. బ్యూరెట్లు ఖాళీ అయ్యాయి గాని ఎవరికీ రంగు రాలేదు. స్టోర్సు పెద్దమనిషి క్షారాన్ని పది రెట్లు పలచగా కలిపాడు. ల్యాబక్కకు మొదటి చుక్కకే తెలిసిపోయిందని ఆవిడ మొహం చూస్తేనే తెలుస్తోంది.

లెక్చరర్ గారు అటూ ఇటూ తిరిగి చివరికి ఆవిడ బల్ల దగ్గర ఆగారు. "అక్కా, అసలు సీసా ఎక్కడుందో కాస్త తీసిస్తావా?"

గదంతా ఆవిడ వైపు చూసింది. ఆవిడ చేతులు బల్ల అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"అల్మరాలో కింది అర, ఎడమ పక్క ఉంటుంది సార్. మీరే తెచ్చుకోవాలి" అంది. "నేను లేస్తే ఆబ్సెంటు."