గట్టు మీది వట్టివేరు

నాకింకా లంగాలు కుట్టించని రోజులు... ఎండలు ముదిరితే మా అమ్మమ్మ గునపం పట్టుకుని గెడ్డ గట్టుకి బయలుదేరేది. వెనకే బుట్టతో నేను. గెడ్డ అంటే మా వైపు వాగు. మునగపాక దగ్గర మా ఊరు. ఊరికీ నీటికీ మధ్య ఆ గట్టే అడ్డం. దాని పొడుగునా మనిషెత్తు వట్టివేరు గడ్డి...

అమ్మమ్మ చేను వైపు దుబ్బులే తవ్వేది. అదీ ఒకటి విడిచి ఒకటి. వేరు కోసుకుని, మొదలు మళ్ళీ ఆ గోతిలోనే పాతి మట్టి తొక్కేది. గెడ్డ వైపు దుబ్బులు బాగా బలిసి ఉండేవి. ఓసారి వాటి మీద చెయ్యి వేస్తే నా వీపు మీద ఒక్కటి వేసింది.

"అటేపు ముట్టుకోకే గుంటా! ఆటిని పీకితే గట్టు నిలబడతాదేటి?"

ఆ వేరు మంచినీళ్ళ కుండలో వేసేవాళ్ళం. తడకలల్లి గుమ్మానికి కట్టి నీళ్ళు చల్లితే ఇల్లంతా చల్లబడేది. ట్రంకుపెట్టెలో చీరల మడతల్లోనూ అదే...

పోయినేడు గట్టు మీద రోడ్డు వేస్తామని మెషీన్ పెట్టి దుబ్బులన్నీ పెకలించేశారు. రెండు వైపులా. ఊరంతా సంబరంగా వేరు మోసుకెళ్ళారు. ఇంటర్ చదివే మా అమ్మాయి లక్ష్మి కూడా చున్నీ నిండా మూట కట్టి తెచ్చింది.

"అమ్మా, సూడే ఎంతొచ్చిందో! ఈ ఏడు నా బట్టలన్నీ ఘుమఘుమలే."

"సాల్లేవే, పెళ్ళికూతురివేటి," అన్నాను. నవ్వుతూ తన పెట్టెలో తనే సర్దుకుంది.

ఆ ఏటి వానలకి గెడ్డ పొంగింది. గేదెని తోలుకొస్తానని లక్ష్మి గట్టు మీద వెళ్ళింది. కాళ్ళ కింద గట్టు జారిపోయింది... మర్నాడు దిగువన చెరకు తోటల దగ్గర దొరికింది నా తల్లి.

ఆ పెట్టె తెరిస్తే ఇప్పటికీ అదే వాసన. అందులోని వేరు తీసుకెళ్ళి గట్టు మీద పాతాను. ఎండిపోయింది కదా... మొలవలేదు.

కోసుకుపోయిన చోట మట్టి పోశారు. గడ్డి ఎవరూ నాటలేదు. పిల్లలు దాని మీంచే బడికి వెళ్తున్నారు. మళ్ళీ వానలు వస్తున్నాయి.

"ఎందుకక్కా ఈ గడ్డి పిచ్చి? గుంట తిరిగొత్తాదేటి?" అంటుంది మా తోటికోడలు.

రాదు... తెలుసు.

నాకు పెద్దగా చదువు లేదు, తప్పులుంటే ఏమీ అనుకోకండి. మీ ఊరి గట్ల మీద వట్టివేరు ఇంకా మిగిలి ఉంటే చెప్పండి, వచ్చి తీసుకెళ్తాను. నాకు వేరు వద్దు, పచ్చి మొదళ్ళు చాలు. మీరే తవ్వి ఉంచితే మాత్రం... నీటి వైపువి ముట్టుకోకండి.