సెలవులో కనబడిన ఎరుపు

పదిహేను రోజుల సెలవులో అది నాలుగో రోజు. నేను, నా భార్య లచ్చవ్వ, నాలుగేళ్ల మా కూతురు సరోజ గోదావరి ఒడ్డుకు వెళ్లాం. స్నానాలయ్యాక లచ్చవ్వ జొన్నరొట్టెల మూట విప్పుతోంది. నాకు దగ్గు వచ్చి పక్కకు వెళ్లి ఇసుకలో ఉమ్మాను. ఎర్రగా రక్తం పడింది.

నేను గోదావరిఖనిలో ఫిల్లర్‌ని. గనిలో బొగ్గును టబ్బులకెత్తే పని. మా అందరికీ ఉమ్మి నల్లగానే వస్తుంది, దగ్గితే ఎవరూ పట్టించుకోరు. షిఫ్టు దిగగానే బెల్లం ముక్క నమిలితే గొంతులో దుమ్మంతా కడుపులోకి జారిపోతుందని మా నమ్మకం. రెండు నెలలుగా దగ్గుతున్నా నేను బెల్లం పెంచుకుంటూ పోయానే తప్ప దవాఖాన గడప తొక్కలేదు. అంత తెలివి నాది! సెలవులో దుమ్ము లేక నలుపు పోయింది, దాని వెనుక ఎరుపు బయటపడింది.

"గట్ల నిలబడ్డవేంది?" అని లచ్చవ్వ కేకేసింది.

"ఏం లేదు, ఉత్తగనే దగ్గచ్చింది" అంటూ కాలితో ఇసుక కప్పేశాను.

భయమేసింది. టీబీ అంటే డ్యూటీ పోతుందని, చుట్టాలు మా గడప తొక్కరని. సెలవంతా తిప్పుతానని ఇద్దరికీ మాటిచ్చాను కాబట్టి తిప్పాను. మంథని వెళ్లొచ్చాం. రామగిరి గుట్ట కింద వండుకుని తిన్నాం. సరోజ గుట్ట ఎక్కుదామని చెయ్యి లాగితే నాలుగు బండలకే ఆయాసమొచ్చి నవ్వుతూ కూలబడ్డాను. నేను తాగిన చెంబుతోనే అది నీళ్లు తాగబోతే గుంజుకున్నాను. పిల్ల ఏడ్చింది. లచ్చవ్వ నా మొహం చూసి పిల్లను ఎత్తుకుంది.

సెలవు చివరి రోజు నా రుమాలు ఉతకబోతూ ఆమె మరక చూసింది.

"ఎన్ని దినాలాయె?"

"పదకొండు."

"రేపు డ్యూటీ లేదు, ఏం లేదు. దవాఖానకు నడువు" అంది.

ఎక్స్‌రే, ఉమ్మి టెస్ట్ చేశారు. డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి, "కుడివైపు ఊపిరితిత్తిల మచ్చ ఉంది. టీబీ. ఏడాదిన్నర మందులు వాడాలె, మధ్యల ఆపొద్దు" అన్నారు. తర్వాత మెల్లగా, "ఇంట్ల చిన్నపిల్లలున్నరా?" అని అడిగారు. నాలుగేళ్ల కూతురుందని చెప్పాను.

సరోజ ముంజేతికి సూది వేసి మూడు రోజులాగి రమ్మన్నారు. మాంటూ టెస్ట్ అట, టీబీ సోకి ఉంటే సూది వేసిన చోట వాస్తుందట. ఆ మూడు రోజులూ గంటకోసారి దాని చెయ్యి పట్టుకుని చూశాను. వాపు తగ్గలేదు, పెరిగింది.

"ప్రైమరీ కాంప్లెక్స్. పిల్లలకు వచ్చే టీబీ. మొదట్లనే దొరికింది, తగ్గుతది" అన్నారు డాక్టరు. లచ్చవ్వ అక్కడే గోడకానుకుని ఏడ్చింది. నన్ను తిట్టినా బాగుండేది.

నాకు రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, ఇద్దరికీ మాత్రలు. నాలుగు నెలలకు నా దగ్గు పోయి ఒళ్లు పట్టింది. ఇక బాగైనట్టేనని ఇంట్లో చెప్పకుండా మాత్రలు మానేశాను. మూడు నెలల్లో మళ్లీ రక్తం పడింది. ఈసారి ఆ క్షణమే లచ్చవ్వను పిలిచి చూపించాను.

"ఎవర్నడిగి మానేసినవయ్యా? నీ బిడ్డ చేదు మాత్ర ఒక్కరోజు తప్పలేదు" అని డాక్టరు మండిపడ్డారు. మందులన్నీ మొదటినుంచి మొదలయ్యాయి.

ఇప్పుడు ఇద్దరికీ నయమైంది. నన్ను గని పైన, దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంప్ రూములో పనికి మార్చారు. సరోజ రెండో తరగతి చదువుతోంది. సెలవు దొరికితే ముగ్గురం ఎటైనా వెళ్లి పొద్దుగూకేలోపు తిరిగొస్తాం.

గనిలో దిగే అన్నలకు ఒక్క మాట. సెలవులో నాలుగు రోజులు గడిచాక మీ ఉమ్మి చూసుకోండి. ఎరుపు కనబడితే ఆ రోజే ఇంట్లో చెప్పి దవాఖానకు వెళ్లండి. నేను పదకొండు రోజులు దాచాను. ఆ పదకొండు రోజులూ సరోజ నా పక్కలోనే పడుకుంది.