సమాయిల్ పాత ఊళ్లో విన్న మాట

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ ఉందని చెప్పలేను. మాది పాలకొల్లు దగ్గర పల్లె, చర్చి కుటుంబం. ఎవరైనా దయ్యం కథ ఎత్తుకుంటే మా పాస్టరుగారి కంటే ముందు నేనే నవ్వేవాణ్ణి. నర్సు ఉద్యోగానికి ఒమాన్ వచ్చాక కూడా మార్చురీ పక్కనుంచి ఒంటరిగా వెళ్లడానికి ఏనాడూ జంకలేదు.

ఇక్కడ సమాయిల్ అనే ఊళ్లో నా రూమ్‌మేట్ ప్రభుదాసన్న. భీమవరం మనిషి, మా ఆసుపత్రిలోనే వార్డ్ అటెండెంట్. ఏళ్ల తరబడి ఇక్కడే ఉండటంతో అరబ్బీ గడగడా మాట్లాడతాడు. నాకు కొత్తలో ఒక్క ముక్క రాదు. వార్డులో ఒక ముసలాయన ఉండేవాడు, అందరం బాబా అనేవాళ్లం. నేను మందులు పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్లగానే ఆయన "తాల్" అన్నాడు. మా అమ్మ నోట 'ఆగు' అనే మాట రాదు, 'తాళు' అంటుంది. ఆగమంటున్నాడు కాబోలని అక్కడే నిలబడ్డాను. ఆయన అంటూనే ఉన్నాడు, నేను నిలబడే ఉన్నాను. అన్న వచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"తాల్ అంటే రమ్మని రా నాయనా!"

ఆ తర్వాత రూమ్‌లో అన్నానికి పిలవాలన్నా నన్ను "తాల్, తాల్" అనే పిలిచేవాడు.

బాబాకి తన ఊరి చరిత్ర చెప్పడమంటే ప్రాణం. అన్న వింటూ నాకు తెలుగులో చెప్పేవాడు. ఒకప్పుడు ఊరంతా కోట కింద, ఖర్జూర తోటల మధ్య, మట్టి ఇళ్లలో ఉండేదట. ఈ ప్రాంతానికి పెద్ద అధికారి అయిన వాలీ అక్కడే కూర్చుని తగవులు తీర్చేవాడట. పెద్ద రోడ్డు పడ్డాక ఆఫీసులూ కొట్లూ దాని పక్కకి తరలిపోయాయి, వాటి వెనకే జనమూ పోయారు. తన ఇంటి తలుపు మీద నాన్న చెక్కించిన పువ్వులు ఉన్నాయో లేదో చూసి రమ్మని బాబా అడిగాడు. అన్న మాటిచ్చాడు. వెళ్లేలోపే బాబా పోయాడు.

ఆ శుక్రవారం మాకు డ్యూటీ లేదు. ఇచ్చిన మాట ఉండిపోయిందని అన్న బయలుదేరాడు, నేనూ వెంట వెళ్లాను. మధ్యాహ్నపుటెండ, పాత ఊళ్లో మనిషి జాడ లేదు. ఇల్లు దొరికింది. తలుపు మీద పువ్వులూ ఉన్నాయి. అన్న సంబరపడిపోయి ఫోటో తీసుకున్నాడు. ఇక తిరిగి వద్దామనుకుంటుండగా లోపలినుంచి ముసలి గొంతు ఒకటి వినిపించింది. ఇద్దరం విన్నాం.

"ఎవరో రమ్మంటున్నార్రా," అంటూ అన్న గుమ్మం దాటాడు.

నేను కదల్లేదు. నాకు వినిపించింది 'తాల్' కాదు, 'తాళు'. అప్పటికి నాకు అరబ్బీ బాగానే వచ్చు. పైగా అరబ్బీలో 'ళ' లేదు. నేను విన్నది అచ్చం మా అమ్మ పలికే 'ళ'.

"అన్నా, ఆగు!" అనేలోపే పైకప్పు కూలింది.

దుమ్ము తగ్గాక చూస్తే దూలాల కింద అన్న నడుము చిక్కుకుపోయి ఉంది. రోజూ రోగులను ఎత్తి కూర్చోబెట్టే చేతులు నావి. ఒక్క దూలాన్ని కదిలించలేకపోయాను. ఫోన్ చేసి, అతని చెయ్యి పట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. అంతకంటే ఏమీ చేతకాలేదు. వచ్చినవాళ్లతో లోపల ఇంకొకరున్నారని చెప్పాను. వాళ్లు ఇల్లంతా వెతికారు. ఎవరూ లేరు.

అన్న బతికాడు. నడుము కింద స్పర్శ లేదు. ఇంటికి పంపేశారు. ఫోన్‌లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "తాల్ అనే కదరా అన్నారు? నేను సరిగ్గానే విన్నాను కదా?" అవునన్నా అంటాను. ఒకే గొంతు తనని పిలిచి నన్ను ఆపిందని ఏ నోటితో చెప్పను? అది ఎవరిదో, ఆ రెండిట్లో ఏ మాట అందో నాకు ఈరోజుకీ తెలియదు.

మొన్న సెలవులో భీమవరం వెళ్లాను. నా చెప్పుల చప్పుడు విని అన్న లోపలి గదిలోంచి "తాల్" అని పిలిచాడు. గుమ్మం దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. ఎంత అనుకున్నా అడుగు పడలేదు.

పాత వేళాకోళం అనుకున్నాడు. మంచం మీదనుంచే నవ్వాడు.

"రమ్మని రా నాయనా!"