పులస కొనని ఇల్లు

అమలాపురం దగ్గర మా ఊళ్లో మా చర్చివాళ్లు ఎవరు పోయినా, ఓదార్పు ప్రార్థనకి పెట్టే ఆదరణ కూడికకి ముందు ఆ ఇంటివాళ్లు సాలమోను మాస్టారి గుమ్మం ఎక్కుతారు. పోయినవాళ్ల జీవితం రాసి కూడికలో చదివేది ఆయనే. చివర ఒక పద్యం కూడా ఉంటుంది. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. మాది పక్కిల్లే.

ఆయన పద్ధతి వేరు. "మంచితనం చెప్పమంటే అందరూ ఒకటే చెబుతారు బిందూ. ప్రార్థనాపరులు, సాత్వికులు. ఏ సమాధి మీద రాసినా సరిపోద్ది" అంటారు. అందుకని పోయినవాళ్లు ఎవరితో దెబ్బలాడేవారో కనుక్కుని అక్కడికి వెళ్తారు. ఇస్సాకు గారు పోయినప్పుడు, గట్టు తగువుతో ఆయనతో మాటలు మానేసిన పక్క తోట రైతు దగ్గర కూర్చున్నారు. గట్టు మీద రాలిన కొబ్బరికాయ ఎవరి చెట్టుదో తేలక, ఇస్సాకు గారు తాను తీసుకోలేదట, అతన్నీ తీసుకోనివ్వలేదట. చివరికి అది అక్కడే మొలకెత్తిందట. ఆ సంగతి చదివితే జనం ముందు నవ్వారు, ఆ తర్వాతే ఏడ్చారు.

కిందటేడు గోదావరికి ఎర్రనీరు వచ్చి పులస చేపలు పడే రోజుల్లో మాస్టారి భార్య సువార్తమ్మ గారు పోయారు. అమ్మ ప్రార్థనాపరురాలని రాయమంది కూతురు శారోన్. మాస్టారు తల అడ్డంగా ఊపారు. మర్నాడే కూడిక. ఊరందరికీ రాసిన మనిషి, సొంత భార్య దగ్గరికి వచ్చేసరికి ఒక్క వాక్యం లేకుండా నిలబడాల్సి వస్తుందని ఆయన భయం.

"నాతో తప్ప ఎవరితోనూ దెబ్బలాడలేదు బిందూ. నన్ను నేను ఏం అడగను?" అన్నారు.

నాకు జాలి కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఊళ్లో అందరి వంటిళ్లూ వాకబు చేసిన ఈయనకి తన వంటిల్లు తెలియదు.

"చేపల అచ్చాయమ్మని అడగండి మాస్టారూ. వాళ్లిద్దరి గొడవ మా ఇంటికి వినపడేది" అన్నాను.

అచ్చాయమ్మ కాట్రేనికోన నుంచి వస్తుంది. ఆ మధ్యాహ్నం గంప దించగానే మాస్టారు అడిగేశారు. "మా ఆవిడ నీతో దేనికి దెబ్బలాడేదమ్మా?"

"పులస గురించేనండి. అది కనపడితే చాలు, గంప ఎత్తెయ్యమనేవోరు."

మాస్టారు నవ్వారు. ఊరందరికీ చెప్పే హాస్యమే అది. "పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. మా ఆవిడ పర్సు కూడా తియ్యదు."

"పిసినారితనం కాదండి బాబూ! మీరు అన్నంలో చెయ్యెట్టి ఎటో చూస్తా పద్యాలు కట్టుకుంటారంట. పులస నిండా సన్నముళ్లేనండి, మీరు చూసుకోరంట. గొంతుకి అడ్డం పడిపోద్దని ఆరి భయమండి. అమ్మగారికి పులసంటే ప్రాణమండి. మా అమ్మాయి పెళ్లికొచ్చినప్పుడు పెడితే, అడిగి మరీ రెండోసారి పెట్టించుకున్నారు. ఆయ్."

మాస్టారు అరుగు మీద కూర్చుండిపోయారు. ఆమె గంప ఎత్తుకుని వెళ్లిపోయినా లేవలేదు.

మర్నాడు కూడికలో ఆయన చదవలేదు, చెప్పారు. "మా ఇంట్లో ఏనాడూ పులస వండలేదు. ఎందుకో నాకు నిన్న తెలిసింది." అచ్చాయమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పి కూర్చున్నారు. పద్యం లేదు.

తర్వాత భోజనాలు. ఆయన నా ఎదుటి వరసలో కూర్చున్నారు. విస్తట్లో ఉన్నది పప్పూ వంకాయ కూరే. అయినా తల ఎత్తకుండా, ప్రతి ముద్దా వేళ్లతో విడదీసి చూసుకుని తిన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.