తడిసిన సామాను కవరవుద్దా?

మా తాతబాబు బాబాయ్ ఇన్సూరెన్స్ సంగతి తేల్చుకోకుండా గడప దాటే మనిషి కాదు. గాజువాకలో షేర్ ఆటో ఎక్కబోతూ, "బోల్తా పడితే కవరవుద్దేటి?" అని డ్రైవర్ని అడిగి, అప్పటికే లోపల కూర్చున్న జనం చేత నానా తిట్లూ తిన్నాడు. పెళ్ళికి పిలిస్తే వధూవరుల కంటే ముందు షామియానా కర్రల్ని ఊపి చూసేవాడు.

నేను గాజువాకలో చిన్న ఇన్సూరెన్స్ ఏజెన్సీ నడుపుతున్నాను. బాబాయ్ మా నాన్నతో పాటు స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఆ చనువుతో నా ఆఫీసులో ఫ్యాన్ కింద కుర్చీ తన పేరు మీద రాయించేసుకున్నాడు. పాలసీలో చీమ తలకాయలంత అక్షరాల్ని కూడా భూతద్దం పెట్టి చదివే కస్టమర్ ఆయనొక్కడే. నేను కూడా అంత చదవను. ఏదైనా అనుమానం వస్తే ఆయన్నే అడుగుతాను.

ఇంతా చేసి ఆయన వెళ్ళాలనుకున్నది ఒక్క ప్రయాణం. విశాఖ పోర్టు నుంచి అండమాన్ వెళ్ళే ఓడ ఎక్కాలి, పక్కన పోలిరాజు ఉండాలి.

పోలిరాజుది ఫిషింగ్ హార్బర్. వాళ్ళ స్నేహం మొదలైందే ఈ కవర్ మాట మీద. బాబాయ్ ఒక ఆదివారం అక్కడ వంజరం చేప కొంటూ, ఇంటికెళ్ళేలోగా పాడైపోతే కవరవుద్దా అని అడిగాడు. పోలిరాజు భార్య మహాలక్ష్మమ్మకి కవర్ అన్న మాటొక్కటే వినబడి, ఒక ప్లాస్టిక్ కవర్ ఇచ్చింది. ఇది కాదన్నాడు. పెద్దది ఇచ్చింది. అదీ కాదన్నాడు. ఆవిడ విసుక్కుని ఒకదాన్లో ఒకటి దూర్చి రెండూ చేతిలో పెట్టింది. పక్కన వల కుడుతున్న పోలిరాజు పడీపడీ నవ్వి, ఆ పూటే బావా అని పిలిచాడు. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం బాబాయ్ హార్బర్‌కి వెళ్ళడం, టీ తాగడం, కవర్ నిండా ఉప్పేసి ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు తెచ్చుకోవడం.

ఓడ కోరిక ముందు పోలిరాజుకే పుట్టింది. ఊహ తెలిసినప్పట్నుంచీ వేటకి వెళ్ళినవాడు. వల వెయ్యడం, లాగడం తప్ప సముద్రం మీద ఇంకో ముచ్చట ఎరగడు.

"ఒక్కసారి ఏ పనీ లేకండా సముద్రం మీద కుర్చీలో కూకోవాల బావా. ఎవడో టీ తెచ్చి ఇయ్యాల. అలగ సూత్తా తాగాల" అన్నాడట.

ఫర్నేస్ వేడిలో ఉద్యోగమంతా చేసిన మా బాబాయ్‌కి ఆ మాట గుండెల్లో దిగిపోయింది. అప్పట్నుంచీ ఓడ టిక్కెట్లు ఇస్తున్నారని తెలిస్తే చాలు, నా ఆఫీసులో దిగిపోయేవాడు. అండమాన్‌లో కొబ్బరికాయ నెత్తిన పడితే అది ప్రమాదమా, ప్రకృతి వైపరీత్యమా? కోతి కళ్ళజోడు ఎత్తుకుపోతే దొంగతనం కింద వస్తుందా? ఓడ ఆలస్యమైతే పరిహారం ఇస్తారు సరే, తొందరపడి ముందే వెళ్ళిపోతే? నేను పై ఆఫీసుకి ఫోన్ చేసి ఇవన్నీ అడిగితే, వాళ్ళు నా ఆరోగ్యం గురించి అడిగారు.

తీరా అన్నీ కుదిరాయనుకునేసరికి బాబాయ్ పెదవి విరిచేవాడు. హార్బర్‌కి వెళ్ళి, సామాను తడిస్తే కవరవ్వదంట బావా, ఈసారికి ఒగ్గేద్దాం అనేవాడు. ఎన్ని పాలసీలు మార్చినా చివరికి ఆ సామాను తడుస్తూనే ఉండేది. హార్బర్‌లో అందరూ ఆయనకి తడిసామాను అని పేరు పెట్టేశారు.

ఒక ఆదివారం నేను రొయ్యల కోసం వెళ్ళేసరికి ఇద్దరూ జెట్టీ చివర కూర్చుని ఉన్నారు. అండమాన్ ఓడ యారాడ కొండ దాటి పోతోంది. పోలిరాజు చేతిలో టీ చల్లారిపోయింది.

"ఇప్పుడు టీ ఇత్తంటారా బావా, అందులో?"

"ఇత్తంటారు."

"పంచదార సరిపడా ఏత్తారంటావా?"

"ఏత్తారు బావా."

ఓడ చుక్కయి, ఆ చుక్క కూడా కనబడకుండా పోయేదాకా ఇద్దరూ కదల్లేదు. నాకు కోపం వచ్చింది. మర్నాడు బాబాయ్ ఆఫీసుకి రాగానే, వెధవ సూట్‌కేసు కోసం ఆ మనిషి ఉసురు పోసుకుంటున్నావని దులిపేశాను.

ఆయన భూతద్దం తుడిచి పక్కన పెట్టాడు.

"సామానెవడిక్కావాల తల్లీ. ఆడి గుండెకి స్టెంట్ ఏశారు. నీ పాలిసీలన్నీ పాత జబ్బు కవరవ్వదంతన్నాయి. నడిసముద్రంలో ఆడికేటైనా అయితే?"

ఆ మాటే పోలిరాజుకి చెప్పొచ్చు కదా అన్నాను.

"గుండె బాలేదని కొడుకులు ఆణ్ణి బోటెక్కనివ్వట్లేదు. ఓడ కూడా నీ గుండె వల్లే పోయిందని నాను సెప్పాలేటి? నన్నే పిచ్చోడనుకోనీ."

ఆ వారమంతా కంపెనీల చుట్టూ తిరిగి, డాక్టర్ సరేనంటే పాత జబ్బుకీ అత్యవసర వైద్యం ఇచ్చే పాలసీ ఒకటి పట్టుకున్నాను. బాబాయ్ ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ఓడవాళ్ళు అందరికీ పరీక్షలు చేయించమన్నారని పోలిరాజుతో ఒక అబద్ధం ఆడి, ఇద్దరూ డాక్టర్ దగ్గరికి బయల్దేరారు. నేనూ తోడు వెళ్ళాను.

పోలిరాజు గుండె భేషుగ్గా ఉందన్నాడు డాక్టర్. ఆడిన అబద్ధం నిలబెట్టుకోవాలి కనక బాబాయ్ కూడా చొక్కా చెయ్యి మడిచాడు. డాక్టర్ బీపీ చూశాడు. నమ్మకం కలగక రెండో చేతికి చూశాడు. ఇది దిగేదాకా ఓడ కాదు కదా, మేడ కూడా ఎక్కొద్దని మందులు రాశాడు, ఉప్పు మానమన్నాడు. కొబ్బరికాయల దగ్గర్నుంచి కోతుల దాకా అన్నీ ఆలోచించిన మనిషికి తన ఒంటి సంగతే తట్టలేదు.

బయట బెంచీ మీద తల వంచుకు కూర్చున్నాడు. నువ్వెళ్ళు బావా, నా కోసం ఆగకు అన్నాడు.

పోలిరాజు పక్కన చతికిలబడ్డాడు.

"నువ్వు లేకండా నానెవడితో తాగాల టీ? ఎవులైనా అడిగితే నీ బీపీ అని సెప్పన్లే. సామాను తడిత్తే కవరవ్వదంట, అందుకాగినాం అంతాను."

బాబాయ్ చటుక్కున తలెత్తాడు. "అంటే... నీకు ముందే తెలుసేటి?"

"రెండు లుంగీలు తప్ప నాకు సామానేటుంది బావా? సముద్రంలో పుట్టినోడు లుంగీ తడుత్తాదని ఓడ మానుకుంతాడేటి?"

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతుంటే, నర్సు వచ్చి బీపీ పేషెంటుని అలా నవ్వించొద్దని కసిరింది.

తర్వాతి ఆదివారం బాబాయ్ అలవాటుగా ఎండు నెత్తళ్ళ వైపు చెయ్యి చాపాడు. పోలిరాజు గంప వెనక్కి లాగేశాడు.

"ఉప్పుసేప కవరవ్వదు బావా. వచ్చే ఓడకి నీ బీపీ దిగాల."

బాబాయ్ దీనంగా మహాలక్ష్మమ్మ వైపు చూశాడు. ఆవిడ జాలిపడి ఆయన చేతిలో ఒక కవర్ పెట్టింది. ఖాళీ కవర్.

బాబాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఉండనీ. ఓడలో నీ లుంగీలు తడవకండా పనికొత్తాది."