బొట్టు పెట్టని చక్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో నేను ముట్టుకోకూడని వస్తువు ఒక్కటే ఉండేది, మా నాయన సారె. కుండలు చేసే చక్రాన్ని మేం సారె అంటాం. పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో మా ఊరు. చెరువు మట్టిని గంపలతో మోసుకొచ్చేది మా అమ్మ. దాన్ని జల్లించి, తడిపి, పిక్కలు పట్టేసేదాకా కాళ్ళతో తొక్కేది మా అమ్మ. కాల్చిన కుండల్ని సంతకు మోసేదీ ఆమే. ఆ మట్టి ఎక్కి తిరిగే సారెను మాత్రం ఆడవాళ్ళు వేలితో కూడా తాకకూడదట. ఈ నియమం పెట్టినవాళ్ళెవరో ఒక్క పూటైనా మట్టి తొక్కి ఉండరు.

ఒకరోజు నాయన అన్నానికి లేచి వెళ్ళాక, ఇంకా తిరుగుతూనే ఉన్న సారె మీది మట్టి ముద్దలో బొటనవేలు దించాను. మట్టి నా వేలి చుట్టూ చిన్న గిన్నెలా విచ్చుకుంది. అంత సంతోషం నాకు అదివరకు తెలియదు. అప్పుడే వాకిట్లోకి వచ్చిన మా పెద్దనాయన చూశాడు. వీపు మీద దెబ్బలు పడ్డాయి. దెబ్బలైతే మర్చిపోయేదాన్నే. నేను తాకానని ఆ సారెను పసుపు నీళ్ళతో కడిగించాడు, నా గిన్నెను పిసికి పెంటదిబ్బలో వేయించాడు. ఏం, నేనేమన్నా అంటురోగమా? అడిగే నోరు అప్పుడు లేదు. మా అవ్వ, నాయనను కన్నతల్లి, నన్ను ఒళ్ళోకి లాక్కుంది.

తర్వాత కొన్నాళ్ళకు నాయన నడుము పడిపోయింది. నేల మీది సారెను కర్రతో తిప్పుతూ రోజంతా వంగి కూర్చుంటే ఎవరి నడుమైనా ఎంతకాలం ఆగుతుంది? మదనపల్లెలో ఎక్కడో, బల్ల మీద కూర్చుని కాలితో తన్ని తిప్పే చక్రం చూసి వచ్చాడు. అలాంటిది ఇంట్లోనే చేసుకుంటానన్నాడు. లారీ షెడ్డులో పాత ఇరుసు, బేరింగులు సంపాదించాడు. కింద తన్నడానికి బరువైన చక్రం కావాలి గదా, పెరట్లో గుండ్రంగా గుంట తీసి, కమ్మీలు పరిచి, సిమెంటు పోశాడు. అమ్మా నేనూ దానికి పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాం. వేపకొయ్యతో చట్రం కట్టి, ఇరుసు కింది కొనకు సిమెంటు చక్రం, పై కొనకు మట్టి పెట్టే పలక బిగించాడు. మొదటిసారి తన్నితే చట్రమంతా ఊగిపోయింది. సిమెంటు ఒక పక్క బరువెక్కిందని, తేలికగా ఉన్న పక్క ఇనుప ముక్కలు కట్టి సరిచేశాడు.

ఊగడం ఆగింది, ఊళ్ళో గొడవ మొదలైంది. పెద్దనాయన మా కులపెద్దల్ని వెంటబెట్టుకొచ్చాడు. సారె తల్లితో సమానం, దాన్ని కాలితో తంతారా, పగలగొట్టాల్సిందే అని కేకలు. నాయన తల వంచుకుని నిలబడ్డాడు. అవ్వ మాత్రం వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, నిదానంగా అడిగింది.

“ఇంతకీ ఇది సారేనా, కాదా? అది సెప్పండప్పా ముందు.”

“కాలితో తన్నేది సారె ఎట్లవుతాది? ఇది ఉత్త మిషను,” అన్నాడు పెద్దనాయన.

అవ్వ అక్కడున్న ఒక్కొక్కరినీ అదే అడిగింది. సారె కానే కాదన్నారు అందరూ. కుట్టుమిషనుకూ దీనికీ తేడా లేదన్నాడొకాయన.

“సారె కాదు గదా. అట్లయితే ఆడోళ్ళకు ఏంటికి అడ్డం? దా పాపా, కూసో.”

నేను బల్ల ఎక్కాను. కాళ్ళు అందలేదు. అవ్వ కొంగు నడుముకు చెక్కుకుని, పక్కన నిలబడి, తన కాలితో చక్రాన్ని తన్నింది. నలుగురి ముందర అన్న మాట వెనక్కి తీసుకోలేక పెద్దనాయన అడ్డం రాలేదు. నా గిన్నె వంకరగా వచ్చింది. ఈసారి దాన్ని ఎవరూ పిసకలేదు. ఆ తర్వాత నాయన కాసేపు, నేను కాసేపు ఆ చక్రం మీద పనిచేశాం.

కథ ఇక్కడితో అయిపోయుంటే నాకింత మంట ఉండేది కాదు. ఏళ్ళు గడిచి, ఆరోజు గొడవకు వచ్చినవాళ్ళ నడుములూ పడిపోయాయి. అలాంటి చక్రాలే ఇంటింటికీ వచ్చాయి, కుప్పంలో మా చుట్టాల ఇళ్ళకు కూడా. ఆయుధ పూజనాడు వాటికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టారు. మర్నాటి నుంచి, సారెను ముట్టుకోవద్దని ఇంట్లో ఆడవాళ్ళను అదిలించారు. ఆడది కూర్చుంటే మిషను, తాము కూర్చుంటే సారె! సిగ్గయినా ఉండొద్దూ? మా చక్రానికీ బొట్టు పెడతానని పెద్దనాయన కుంకుమ భరిణె పట్టుకొచ్చాడు. అవ్వ గడపకు అడ్డంగా నిలబడింది.

“మా దానికొద్దు నాయనా. అది మిషను. నువ్వే గదా సెప్పినావు.”

అవ్వ పోయి చాలా కాలమైంది. ఆ చక్రం నా దగ్గరే ఉంది. బేరింగులు మార్చాను, సిమెంటు చక్రం మాత్రం అదే. ఇప్పుడు నా కోడలు దాని మీద కూర్చుంటుంది, మనవరాలు కూడా. ఆయుధ పూజకు కత్తిపీటకు, రోలుకు, మిక్సీకి కూడా బొట్టు పెడతాను. ఆ చక్రం దగ్గరికి వచ్చేసరికి కుంకుమ భరిణె మూసేస్తాను. దానికి దండం కూడా పెట్టను. మట్టి ముద్ద వేసి, కాలితో ఒక్క తన్ను తంతాను.