ఘాట్ మలుపులో రెండు బెల్లులు

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నేను చెప్పను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు.. నాకే జరిగింది. ఒట్టు.

నగరిలో మరమగ్గం నడిపే మునిరత్నం అని ఒకతను ఉన్నాడు. వాళ్ల పాపకు కిడ్నీలు పాడయ్యాయి. పాప వైద్యానికి సాయం అడుగుతూ మేం ఎనిమిది మందిమి నాలుగు రోజులు కొండదారుల్లో సైకిళ్లు తొక్కాం. ఊరూరా ఆగి, ఫొటో చూపించి అడగడం. వద్దన్నా వినకుండా మునిరత్నం కూడా వచ్చాడు. "నా బిడ్డ కోసరం మీరు తొక్కుతాంటే నేను ఇంట్లో కూసోనా అన్నా?" అన్నాడు. అలవాటు లేని కాళ్లు, పాపం. అందుకే అతన్ని అందరికన్నా వెనక ఉంచి, అతని వెనక నన్ను పెట్టారు.

చివరి సైకిల్ వాడి పని ఒక్కటే. ఎవరినీ దాటి ముందుకు పోకూడదు. చీకటి పడితే ప్రతి మలుపులో ఈల వెయ్యాలి. ముందువాడు రెండుసార్లు బెల్లు కొట్టాలి. బెల్లు వినబడకపోతే.. అక్కడే ఆగి వెతకాలి.

మూడో రోజు. భాకరాపేట ఘాట్ దిగుతున్నాం. ఏడు దాటింది. సన్నటి తుంపర.. పొగమంచు.. పొద్దున్నుంచి తడిసే ఉన్నాను, పళ్లు టకటకమంటున్నాయి. ముందు మునిరత్నం సైకిల్ ఎర్ర లైటు కనబడుతూనే ఉంది. అప్పుడు నా చైను ఊడింది.

"నిదానంగా పోతాండప్పా, చైను ఏసుకొని వస్తా!" అని అరిచాను.

"సరేన్నా!"

ఎర్ర లైటు మలుపు తిరిగింది.

చైను ఎక్కించేసరికి ఐదు నిమిషాలు పట్టింది. లేచి ఈల వేశాను.

ఏమీ లేదు.

మళ్లీ వేశాను. ఆకుల మీద చినుకుల చప్పుడు.. అంతే. అంత రద్దీ దారిలో ఒక్క లారీ కూడా రాలేదు. ఇక సైకిల్ పక్కన పెట్టి వెతకాల్సిందే అనుకున్నాను.. అప్పుడు..

ట్రింగ్.. ట్రింగ్.

కింద నుంచి. స్పష్టంగా. బతికానురా దేవుడా అనుకుని బయలుదేరాను. ఒక మలుపు.. ఈల. ట్రింగ్.. ట్రింగ్. ఇంకో మలుపు.. ఈల. ట్రింగ్.. ట్రింగ్. లైటు మాత్రం కనబడదు. నేను వేగం పెంచినా బెల్లు అంతే దూరం.. బ్రేకు పట్టినా అంతే దూరం. ఒకచోట పూర్తిగా ఆగిపోయాను. ఈల వెయ్యలేదు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను..

ట్రింగ్.. ట్రింగ్.

నేను అడగకుండానే. అయినా కిందికే పోయాను.

ఘాట్ కింద టీ అంగడి ముందు ఏడు సైకిళ్లు ఉన్నాయి. మునిరత్నం లేడు.

"నీ ముందర గదబ్బా ఉండాల్సింది? యాడ వదిలేసినావు?" అన్నారు మావాళ్లు.

టీ అంగడి ఆయన వ్యాన్ తీసుకుని పైకి పోయాం. నా చైను ఊడిన చోటికి కింద, రెండో మలుపులో, రోడ్డు పక్క కాలువలో ఉన్నాడు. సైకిల్ అతని మీద పడి ఉంది. కాలు విరిగింది. లైటు పగిలింది, బెల్లు మూత ఊడి ఎక్కడో పడిపోయింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో అతన్ని దాటిపోయాను నేను.

వ్యాన్‌లో అతని తల నా ఒళ్లో పెట్టుకుని అడిగాను, "నీకు బెల్లు వినబడిందా?" అని.

"ఇనబడె అన్నా.. ముందు నా పక్కన్నే కొట్టినారు. సూస్తే ఎవురూ లేరు. నువ్వు వస్తానే అది నీకంటే ముందు దిగిపాయ. పిలుద్దామంటే నాకు ఊపిరాడలా.." నా చొక్కా పట్టుకున్నాడు. "నువ్వు ఎందుకు ఆగలేదన్నా?"

పాపకు వైద్యం జరుగుతోంది. మునిరత్నం ఇప్పటికీ మగ్గం దగ్గర ఎక్కువసేపు నిలబడలేడు. అది ఏమిటో నాకు తెలియదు. కొండల్లో శబ్దం అటూ ఇటూ తిరుగుతుందని మీరంటారు.. అనండి. కానీ ఒక్క మాట అతనికి చెప్పలేకపోయాను. మొదటిసారి ఆ బెల్లు వినబడ్డప్పుడు నాకు భయం వెయ్యలేదు. ఇక ఈ వానలో వెతకనక్కర్లేదని.. హాయిగా అనిపించింది.